ఆగిపోయిన బుస

మా ఇంట్లో నేను భయపడని వస్తువంటూ లేదని మా ఆయన అంటాడు. అది పచ్చి అబద్ధం. ఫ్రిజ్ అంటే నాకు ఏ భయమూ లేదు. ఇస్త్రీ పెట్టెతో కూడా సఖ్యంగానే ఉంటాను. నా భయమంతా వంటింటి గట్టు మీద తిష్ట వేసిన ఎస్ప్రెసో మెషిన్ అంటేనే. ఎవరో కాఫీ కొట్టు ఎత్తేస్తుంటే మురిసిపోతూ కొనుక్కొచ్చాడు. ఇద్దరు మోస్తే గానీ మెట్లెక్కలేదు. కడుపులో రాగి బాయిలరు, ముందువైపు లోపలి ప్రెషరు చూపించే ముల్లు, పక్కన పాలు కాచే ఆవిరి గొట్టం, నెత్తిన బొటనవేలంత వాల్వు.

"ఆవిరి ఎక్కువైతే ఆ వాల్వు తెరుచుకుని బయటికి వదిలేస్తుంది. అది బుస కొడితే నువ్వు గుండె పట్టుకోనక్కర్లేదు, దాని పని అది చేస్తున్నట్టు లెక్క," అని మొదటిరోజే చెప్పాడు. నేను తలూపాను. తలూపినంత మాత్రాన గుండె మాట వింటుందా?

ఆయన ఇంట్లో ఉంటే ఆ మెషిన్ సేవకు లోటుండదు. పాలు కాచగానే గొట్టాన్ని తడిగుడ్డతో తుడిచి, ఒకసారి ఆవిరి వదిలి కొసనున్న కన్నాలు శుభ్రం చేస్తాడు. కాఫీపొడి నింపే జల్లెడ బదులు కన్నాల్లేనిది బిగించి, అందులో కడిగే పొడి వేసి, లోపల పట్టిన కాఫీ జిడ్డంతా కడిగేస్తాడు. నీళ్ళలోంచి పేరుకునే సున్నం కరగడానికి అప్పుడప్పుడూ ఏదో మందు కూడా పోస్తాడు. నేను జ్వరంతో పడుకుంటే మాత్ర వేసుకున్నానో లేదో గుర్తుండదు గానీ, దాని మందు మాత్రం ఎన్నడూ మరిచిపోడు.

అలాంటి మనిషి ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్తూ ఆ సేవంతా మా మీద పెట్టి వెళ్ళాడు. మా మీద అంటే నా మీదా, మామయ్య మీదా. నేను దాని దరిదాపులకు పోను. మామయ్య కాఫీకి దాన్ని వదిలిపెట్టరు, కానీ తుడవరు. ఆయన దృష్టిలో రిపేరంటేనే పని. తుడవడం పని కిందికి రాదు.

మామయ్య బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. అప్పట్నుంచీ ఇంటి మీద పడ్డారు. తలుపు కిర్రుమంటే నూనె, కుళాయి కారితే దారం, కిటికీ టపటపలాడితే అట్టముక్క. కారేదైనా మోగేదైనా ఆయన చేతిలో పడితే నోరు మూసుకోవాల్సిందే. చిత్రమేమిటంటే ఆ చప్పుళ్ళేవీ ఆయనకు వినపడవు. చెవి మిషన్ ఉంది గానీ, గీపెడుతుందని ఇంట్లో తీసి సొరుగులో పడేస్తారు. ఫిర్యాదులు మావి, రిపేర్లు ఆయనవి. మొదలుపెట్టే ముందు ఎవర్నీ అడగరు. పూర్తయ్యాక ఎవరికీ చెప్పరు. తలుపు చప్పుడు చెయ్యడం లేదని మనంతట మనం గమనించి మెచ్చుకోవాలి.

మా ఆయన వెళ్ళాక మెషిన్ బుస ఎక్కువైంది. అంతకుముందు ఎప్పుడో ఒకసారి వినపడేది, ఇప్పుడు మాటిమాటికీ బుస్సుమంటోంది. పక్కగదిలో ఉన్నా ఉలిక్కిపడేదాన్ని. భోజనాల దగ్గర మామయ్య నా మొహం చూశారు.

"ఏంటమ్మా, తినకుండా అలా కూర్చున్నావు?"

"ఆ మెషిన్, మామయ్యా. అది బుస్సుమన్నప్పుడల్లా నా పైప్రాణాలు పైనే పోతున్నాయి," అన్నాను గొంతు పెంచి.

"అంత భయమా?"

"మీకు వినపడదు కాబట్టి బతికిపోయారు."

ఆయన నవ్వేసి పెరుగు గిన్నె నా వైపు జరిపారు. నేనూ నవ్వాను. అంతటితో ఆ మాట మరిచిపోయాను.

తర్వాత ఆ బుస ఆగిపోయింది. దానంతట అదే కుదురుకుందనుకున్నాను. నిజం చెప్పాలంటే అసలేమీ అనుకోలేదు, హాయిగా ఊపిరి పీల్చుకున్నానంతే. వంటింట్లో కూనిరాగాలు కూడా తీశాను.

మర్నాడు పొద్దున్న బట్టలు ఆరేసి, ఖాళీ బకెట్టుతో వంటింటి గుమ్మంలోకి వచ్చాను. మామయ్య మెషిన్ ముందు నిలబడి ఉన్నారు. నా వైపు వీపు. ఎడమచేతిలో పాలగిన్నె. ఆవిరి గొట్టం మర తిప్పి ఉంది, కానీ ఆవిరి రావడం లేదు. ఇన్నాళ్ళూ తుడవని పాలు కొసన ఎండి పిడచగట్టి కన్నాలు మూసుకుపోయాయి. ఆయన వంగి, మొహం దానికి దగ్గరగా పెట్టి, కుడిచేత్తో గుండుసూది పట్టుకుని ఆ కన్నాల్లో పొడుస్తున్నారు.

వద్దని అరవబోతూ ముల్లు చూశాను. ఎర్రగీత దాటేసింది. దాటి, అంకెలు లేని చోటికి పోయి, అక్కడి చిన్న మేకుకు ఆనుకుని వణుకుతోంది. అంత ప్రెషరుంటే వాల్వు ఎందుకు తెరుచుకోలేదు? పైకి చూశాను. వెచ్చగా ఉండాలని మెషిన్ నెత్తిన పెట్టే కప్పులన్నీ పక్కకు జరిపి ఉన్నాయి. వాల్వు ఉండాల్సిన చోట బూడిదరంగు ముద్ద ఉంది. పైపులు కారితే మామయ్య పెట్టే ముద్దే అది. రెండు పిండి ముద్దలు కలిపి పిసికితే రాయిలా బిగుసుకుంటుంది. పైన బొటనవేలితో నున్నగా అదిమిన గుర్తు కూడా కనపడుతోంది.

వేడి ఆపాల్సిన స్విచ్చు లోపల అతుక్కుపోయిందని తర్వాత మెకానిక్ చెప్పాడు. అందుకే అన్నాళ్ళూ అంత ఎక్కువగా బుస కొట్టిందట. అప్పుడు నాకు ఇవేవీ తెలియవు. ఆవిరి పోయే దారులన్నీ మూసుకుపోయాయనీ, కింద ఇంకా కాగుతూనే ఉందనీ, దాని ముందు మామయ్య మొహం ఉందనీ మాత్రమే తెలుసు.

"మామయ్యా!"

ఆయనకు వినపడలేదు. వినపడదని తెలిసీ మళ్ళీ అరిచాను.

మెషిన్ ప్లగ్గు దాని వెనకాల గోడకు ఉంది. అది పీకాలంటే దాన్ని వాటేసుకోవాలి. నడవలోకి పరిగెత్తి మెయిన్ స్విచ్ దించేశాను. ఫ్యాన్ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది. తిరిగొచ్చి చూస్తే ముల్లు అక్కడే ఉంది. కరెంటు తీసేస్తే వేడి పెరగడం ఆగుతుందేమో గానీ, లోపల బిగిసిన ఆవిరి ఎక్కడికి పోతుంది? మామయ్య ఒక్కసారి తలెత్తి ఫ్యాన్ వైపు చూసి, కరెంటు పోయిందనుకుని, మళ్ళీ సూదితో పొడవడం మొదలుపెట్టారు.

గుమ్మం దగ్గరే ఆగిపోయాను. నాకు లోపలికి వెళ్ళాలని లేదు. మెట్ల వైపు పరిగెత్తాలనిపించింది. వీధిలోకి వెళ్ళి ఎవరినైనా పిలుచుకొస్తానని నాకు నేను చెప్పుకున్నాను కూడా. ఎవరో ఎందుకొస్తారు, వచ్చేదాకా అది ఆగుతుందా? చేతిలో బకెట్టు ఇంకా అలాగే ఉంది. మామయ్య మెడ వెనక నెరిసిన వెంట్రుకలు కనపడుతున్నాయి. క్షవరం చేయించుకోమని ఎన్నిసార్లు చెప్పానో.

బకెట్టు వదిలేసి వెళ్ళాను. వెనకనుంచి ఆయన చొక్కా కాలరు పట్టుకుని లాగాను.

"ఏయ్, ఏంటమ్మా ఇది? పాలు ఒలుకుతాయి," అన్నారు విసుక్కుంటూ.

"రండి."

"ఉండు, ఒక్క కన్నం తెరుచుకుంటే చాలు."

ఆయన మళ్ళీ దాని వైపు వంగబోయారు. నేను ఆయన నడుం చుట్టూ రెండు చేతులూ వేసి, మూట ఈడ్చినట్టు వెనక్కి ఈడ్చాను. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆయన్ని అలా ముట్టుకున్నది లేదు. పాలగిన్నె పడి నా పాదాల మీద పాలు ఒలికాయి. ఆయన ఏదో అరుస్తున్నారు. నేనూ ఏడుస్తూ అరుస్తున్నాను. గుమ్మం దాటాక తలుపు లాగేశాను. గొళ్ళెం కోసం చెయ్యి ఎత్తాను.

అప్పుడు పేలింది.

తలుపు నా భుజాన్ని తన్నింది. లోపల కప్పులు భళ్ళుమన్నాయి. ఆ వెంటనే బుస, ఎన్నడూ విననంత బుస, ఆగకుండా. తలుపు కింది సందులోంచి వేడి ఆవిరి మా కాళ్ళ మీదికి వచ్చింది. ఆ చప్పుడు మామయ్యకు కూడా వినపడింది. నా భుజం గట్టిగా పట్టుకున్నారు.

బయటి మెట్ల మీద కూర్చున్నాం. బుస సన్నబడి ఆగేదాకా అక్కడే ఉన్నాం. తర్వాత నేనొక్కదాన్నే వెళ్ళి తలుపు సందులోంచి చూశాను. ముల్లు సున్నా మీద ఉంది. వేడికి మెత్తబడ్డ ముద్ద వాల్వుతో సహా లేచిపోయి పై అలమర అడుగుచెక్కను చీల్చింది. గోడలన్నీ తడి. మామయ్య నిలబడ్డ చోట గచ్చు మీద మరిగిన నీళ్ళు మడుగు కట్టి ఇంకా పొగలు కక్కుతున్నాయి.

తిరిగొచ్చి పక్కన కూర్చున్నాను. కోపం తన్నుకొచ్చింది. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అడిగాను.

"వాల్వు ఎందుకు మూశారు మామయ్యా? ఎవరు మూయమన్నారు?"

ఆయన ఇంకా చేతిలోనే ఉన్న గుండుసూదిని చొక్కా అంచుకు గుచ్చడానికి ప్రయత్నిస్తున్నారు. అది గుచ్చుకోవడం లేదు.

"నువ్వు భయపడుతున్నావని మూశానమ్మా," అన్నారు.

నేను సూది తీసుకుని పక్కన పెట్టాను. నాకు ఏడుపు ఆగలేదు. ఆ బుస ఆయన చెవికి ఏనాడూ సోకలేదు. పెరుగు గిన్నె నా వైపు జరిపినప్పుడే దాని సంగతి చూడాలని మనసులో పెట్టుకుని ఉంటారు. నేను మెచ్చుకుంటానని ఎదురుచూశారో ఏమో. నేను వంటింట్లో హాయిగా తిరగడం చూసి అదే మెప్పనుకుని ఉంటారు.

"వాడొచ్చాక తిడతాడు," అన్నారు కొడుకును తలుచుకుని. "తిట్టనీ." తర్వాత నా వైపు చూడకుండా అన్నారు. "ఇకమీద ఇంట్లో ఏది ముట్టుకున్నా నిన్ను అడిగి ముట్టుకుంటాలేమ్మా."

అలా అనకండి మామయ్యా అనాలి. నా కోసమే కదా చేశారు అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ కళ్ళ ముందు ఇంకా ఆ ముల్లే ఆడుతోంది.

"అడగండి మామయ్యా," అన్నాను.

ఆయనకు వినపడలేదు. ఏమన్నావన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నా వైపు వంగారు. ఆ మాటే మళ్ళీ, ఇంకా గట్టిగా, అనాల్సి వచ్చింది.