సరిహద్దు రాయికి ఇవతల

మా ఊరు ఒర్బేదా ఏ జిల్లాలో ఉందో చెబితే కొత్తవాళ్ళు నమ్మరు. చుట్టూ నాలుగు వైపులా పక్క జిల్లా, మధ్యలో మేం. ఒకప్పుడు ఈ లోయ కొండల అవతలి ప్రభువుకు శిస్తు కట్టేదట. ఆ పుణ్యాన, మాడ్రిడ్‌లో కూర్చుని జిల్లాలు గీసినవాళ్ళు మమ్మల్ని అటే కలిపేశారు. మా జిల్లా కేంద్రానికి వెళ్ళాలంటే రెండు కనుమలు దాటాలి. పక్క జిల్లా ఫైర్ స్టేషన్ మాత్రం మా చర్చి గంట వినబడేంత దూరంలోనే ఉంది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం మా చెస్ట్‌నట్ తోటకు నిప్పంటుకుంది. మా తాత అంటుకట్టి పెంచిన చెట్లు. నాకున్న ఆధారం అదొక్కటే. పక్క జిల్లా ఫైరింజన్లు రెండు వెంటనే వచ్చాయి. వచ్చి, సరిహద్దు రాయి దగ్గర ఆగిపోయాయి.

"మీ జిల్లా నుంచి ఆర్డర్ రావాలమ్మా. రాకుండా దాటితే నా ఉద్యోగం ఊడుతుంది," అన్నాడు వాళ్ళ నాయకుడు అర్సెనియో.

"అది వచ్చేసరికి బొగ్గులే మిగుల్తాయి నాయనా," అన్నాను.

మా మేయర్ సతూరియో ఫోన్ చెవి నుంచి తీయడం లేదు. "ఆ ఆఫీసరు భోజనానికి వెళ్ళాడంట," అన్నాడు.

"తిననీ, కడుపునిండా తిననీ. మనకేం తొందర," అంది మా వదిన కసిల్దా. అని, గడ్డపార అందుకుంది. అందరం కలిసి ఆ రాయిని పెకలించి, ట్రాక్టరుకు కట్టి, తోట దాటించి ఊరి వైపు పాతేశాం.

"తోట మీ జిల్లాలోకి వచ్చేసింది. ఇంక రా బాబూ," అంది వదిన.

అర్సెనియో నవ్వలేదు. చేతిలోని ఫోన్‌లో మ్యాప్ చూపించాడు. "గీత రాతిలో లేదమ్మా, ఇందులో ఉంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. అతను చెడ్డవాడు కాదు. ఆ గీత గీసినవాడు ఎప్పుడో పోయాడు. మేం బకెట్లతో పోసిన నీళ్ళు ఏ మూలకూ రాలేదు.

సాయంత్రానికి చివరి వరస చెట్లు కూడా అంటుకున్నాయి. అప్పుడు గాలి తిరిగి, నిప్పురవ్వలు రోడ్డు దాటి వాళ్ళ జిల్లా పైన్ అడవిలో పడ్డాయి. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. గొట్టాలు విప్పారు, నీళ్ళు కొట్టారు. పావుగంటలో మంట ఆరిపోయింది. వాళ్ళు పనిమంతులే, కాదనను.

నేను రోడ్డు పక్కన కూలబడి ఏడ్చాను. తోట కాలుతున్నంతసేపూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. మంట ఆర్పడం ఎంతసేపటి పనో కళ్ళారా చూశాను మరి.