పన్నెండు ముఖాల రాయి

ఆదివారం పొద్దున హాల్లో దుమ్ము దులుపుతూ అద్దాల అరలోని తన రాయిని ఎత్తిందామె. చేతికి తేలిగ్గా తగిలింది. తిప్పి చూస్తే, మెరిసే అభ్రకపు రాతిలో గార్నెట్ మణి ఉండాల్సిన చోట ఒట్టి గుంట, చుట్టూ ఉలి గాట్లు.

పెళ్ళికి ముందు, మూతపడబోయే క్వారీలో తన చేత్తో తవ్వి తెచ్చుకున్న రాయి అది. ఉసిరికాయంత ఎర్రటి స్ఫటికం, ఎవరూ చెక్కకుండానే పన్నెండు నున్నటి ముఖాలతో పుట్టింది. దాన్ని కప్పిన అభ్రకాన్ని పెళ్ళయ్యాక సూదితో, పాత టూత్‌బ్రష్‌తో పొరపొరగా తీసి వెలికి తెచ్చుకుంది. అదీ అంట్లు తోమి, అందరి టిఫిన్ డబ్బాలూ కట్టి, ఆఫీసులో పై అధికారి పేరుతో వెళ్ళే రిపోర్టులు రాసొచ్చాక మిగిలిన కాస్త తీరికలో. "రాళ్ళ పిచ్చిది" అని అత్తగారు పేరు పెట్టింది. "ఆ గీకుడేదో గిన్నెల మీద చూపించు" అని భర్త నవ్వేవాడు. నవ్వితే నవ్వారులే, దాని జోలికి రాలేదు కదా అని సరిపెట్టుకునేది. ఆ ఇంట్లో ఇది నాది అని వేలు పెట్టి చూపించడానికి ఆమెకున్నది అదొక్కటే.

భర్త వెనకనుంచి వచ్చి ఆమె వేలికి ఉంగరం తొడిగాడు.

"ఎలా ఉంది సర్‌ప్రైజ్? ఊరికే పడుందని సానపట్టించా. లోపలంతా పగుళ్ళట, మంచి ముక్క ఇంతే తేలింది."

ఉంగరంలో రాయి కందిగింజంత. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే కాబోలు.

"నన్నొక్క మాట అడగొచ్చు కదండీ?"

"ఇంట్లో వస్తువుకి నిన్నడిగేదేంటి?"

"మొగుడంటే అలా ఉండాలి. ఎంత అదృష్టమే నీది!" అంది అత్తగారు సోఫాలోంచి. "ఏదీ, ఆ చేత్తోనే కాఫీ పట్రా, చూస్తాం."

వంటింట్లో పాలు కాగుతుంటే ఏడుపు ఆగలేదామెకు. తననూ ఇలాగే పనికొచ్చేంత మేరకు ఉంచుకుని, మిగతాదంతా రాల్చేశారనిపించింది. కొంగుతో మొహం తుడుచుకుని కాఫీలు పట్టుకెళ్ళింది. భర్త కప్పు పక్కన ఉంగరం తీసి పెట్టింది.

"ఇది మీ ఉంగరం. నా రాయి పోయింది."

మంచం కిందనుంచి తుప్పు పట్టిన రాళ్ళు కొట్టే సుత్తి తీసి సంచిలో వేసుకుని, గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు తొడుక్కుంది.

"మరి వంటో?" అంది అత్తగారు.

"ఆ క్వారీ ఎప్పుడో మూసేశారుగా, ఇప్పుడేం దొరుకుతుంది?" అన్నాడు భర్త.

అలాంటిది మళ్ళీ దొరకదని అతనికంటే ఆమెకే బాగా తెలుసు. లేసు బిగించి ముడి వేసి లేచింది.

"దొరికితే మాత్రం ఈ ఇంటికి తీసుకురాను" అంది.