పెట్టెలో తడి

ఆ కాగితం మీద సంతకం పెట్టనన్నాను. డాక్టర్ సోమశేఖర్ సారు పెన్ను మూత తీసి మరీ చేతికివ్వబోయాడు. నేను చెయ్యి చాపలేదు.

కాగితంలో ఉన్నవి మూడే ముక్కలు. ఆయా రామవ్వ అనే నేను గొట్టం సరిగ్గా కడగలేదని, నా నిర్లక్ష్యం వల్లనే పేషెంట్లకు జ్వరాలొచ్చాయని, అందుకే పని మానుకుంటున్నానని.

అది తొంభై మూడో సంవత్సరం, చలికాలం. సిద్దిపేటలో మా ప్రైవేటు దవాఖానకు కొత్తగా కడుపులోకి చూసే గొట్టం వచ్చింది. నోట్లోంచి దింపితే లోపలి పుండ్లు కనిపిస్తాయి. తొగుట నుంచి, ములుగు నుంచి జనం బస్సులెక్కి వచ్చేవారు. ఒకరికి వాడిన గొట్టాన్నే కడిగి ఇంకొకరికి వాడాలి. ఆ కడిగే పని నాది. పొడుగాటి తీగ బ్రష్షుతో లోపలి సన్నటి దారిని తోమి, మందునీళ్లలో ఇరవై నిమిషాలు ముంచి, ఆ తర్వాత కాచి చల్లార్చిన నీళ్లు సిరంజితో మూడుసార్లు లోపలికి కొట్టేదాన్ని. ఆ మందు ఘాటుకు కళ్లు మండి నీళ్లు కారేవి. ఏడో తరగతి దాకా చదివాను, గడియారం చూడడం నాకెవరూ నేర్పనక్కరలేదు. ఇరవై అంటే ఇరవయ్యే.

అయినా నెల రోజుల్లో ముగ్గురికి చలిజ్వరం వచ్చింది. మూడో మనిషి మా చింతమడక కాశయ్య మామ. చుట్టం కాదు, ఊరి వరస. గొట్టంతో పుండు ముక్క తీసిన మర్నాటి నుంచి వణికిపోతూ మా వార్డులోనే మంచం పట్టాడు. సారు గొట్టం వాడకం ఆపేసి, దాని లోపలి నీళ్లు తీసి హైదరాబాదుకు పరీక్షకు పంపాడు. కడిగిన గొట్టంలో క్రిములున్నాయని రిపోర్టు వచ్చింది. ఇంకేముంది, కడిగింది ఎవరు? రామవ్వ.

"నువ్వు కడగలేదని రిపోర్టే చెప్తుంది" అన్నాడు సారు.

"క్రిములున్నయని చెప్తుంది సార్. నేను కడగలేదని యాడ రాసున్నది? సూపియ్యున్రి."

ఆయన ముఖం ఎర్రబడింది. "రెంటికీ అర్థం ఒక్కటే!"

"నాకు గట్ల అర్థం గాలె."

పని పోతుందన్న భయం లేదంటే అబద్ధమే. కానీ నాకు మండింది అందుకు కాదు. ఆ పొద్దున కాశయ్య మామకు మంచినీళ్లు తీసుకుపోతే, ఆయన భార్య పద్మమ్మత్త గ్లాసుకు చెయ్యి అడ్డం పెట్టింది. "నీ చేతి నీళ్లు వద్దు బిడ్డా, చేసింది చాలు" అంది. వార్డులో అందరూ విన్నారు. సాయంత్రం బస్సులో ఆ మాట నాకన్నా ముందే మా ఊళ్లో దిగుతుంది. సంతకం పెడితే అదే నిజమై కూర్చుంటుంది. చచ్చినా పెట్టదలుచుకోలేదు.

"రేపు సాయంత్రం దాకా ఆగున్రి సార్. తప్పు నాదని తేలితే మీరు రాసిన కాగితమెందుకు, నేనే రాసిస్త. పెద్ద పెద్ద అక్షరాలతోని."

నా అనుమానమంతా పెట్టె మీద. గొట్టంతో పాటు నల్లటి పెట్టె ఒకటి వచ్చింది, లోపలంతా మెత్తటి స్పాంజి. సాయంత్రం ఆఖరుసారి నేను కడగడమే ఆలస్యం, సారు గొట్టాన్ని చుట్ట చుట్టి అందులో పడుకోబెట్టి, తాళమేసి, మేడ మీది ఇంటికి తీసుకుపోయేవాడు. ఆయన తల్లి రాధాబాయమ్మ దాన్ని దేవుడి గదిలో పెట్టుకుని, శుక్రవారం శుక్రవారం కుంకుమబొట్టు పెట్టేది. కన్నబిడ్డనైనా ఎవరూ అంత భద్రంగా చూసుకోరు.

మా బాపు పర్శరాములు తాటిచెట్లెక్కేవాడు. కల్లు పట్టే మట్టి లొట్లను కడిగి, ఎండలో బోర్లించి, ఆరాయో లేదో చెయ్యి పెట్టి చూసుకుని గానీ చెట్టెక్కేవాడు కాదు. చిన్నప్పుడు ఒకసారి నేను వాటిని బాగా తోమి, తడి తడిగానే గంప కింద మూసిపెట్టాను. తెల్లారేసరికి కంపు. ఆ రోజు తిన్న తన్నులు నాకింకా గుర్తున్నాయి. అందుకే గొట్టం వచ్చిన కొత్తలోనే అడిగాను, దీన్ని గోడకు నిలువుగా వేలాడదీద్దామని. "అంత ఖరీదుగల్ల సామానును దండెం మీది చీరలెక్క ఏలాడదీస్తవా?" అని రాధాబాయమ్మ కసిరింది. సారు నవ్వాడు. నేను నోరు మూసుకున్నాను. నా తప్పంటూ ఏదైనా ఉంటే అదొక్కటే.

ఆ సాయంత్రం గొట్టాన్ని సారు ఎదురుగానే కడిగాను. ఆయన గడియారం చూస్తూ నిలబడ్డాడు. ఆఖరిసారి కొట్టిన నీళ్లను, కాచి ఆరబెట్టిన సీసాలో పట్టి మూత బిగించాను. గొట్టం ఎప్పటిలాగే పెట్టెలోకి, పెట్టె దేవుడి గదిలోకి పోయాయి. తెల్లారి తాళం తీయించి, మళ్లీ కాచి చల్లార్చిన నీళ్లే లోపలికి కొట్టి, వాటిని అలాగే కాచి ఆరబెట్టిన ఇంకో సీసాలో పట్టాను. తర్వాత ఒకే గిన్నెలో కాచి చల్లార్చిన పాలను రెండు గ్లాసుల్లో పోశాను. ఒకదాంట్లో నిన్నటి నీళ్లు రెండు చెంచాలు, ఇంకోదాంట్లో పొద్దటి నీళ్లు రెండు చెంచాలు. ఏది ఏదో సారే చీటీలు రాసి అతికించాడు.

"ఇదేం పరీక్ష?" అన్నాడు.

"మీది హైదరాబాదు పరీక్ష సార్. గిది మా ఇంటి పరీక్ష."

"నిన్నటి నీళ్లల్ల మందు మిగిలుంటే ఆ పాలు ఎట్లాగూ విరగవు."

"మూడుసార్లు కొట్టిన. కావాల్నంటే వాసన చూడున్రి."

చూశాడు. సీసా మూత తనే బిగించాడు.

నాలుగు గంటలకు గ్లాసుల మీది మూతలు తీశాం. నిన్నటి నీళ్లు పోసిన పాలు పోసినట్టే ఉన్నాయి. పొద్దటి నీళ్ల పాలు విరిగి, ముద్దలు ఒకవైపు, నీళ్లు ఒకవైపు అయిపోయాయి. సారు ఆ గ్లాసును ముక్కు దగ్గరికి తీసుకుని వెంటనే దూరం జరిపాడు.

"రాత్రికి రాత్రి నేనొచ్చి గొట్టంల ఉమ్మేసిపోయిన్నా సార్? తాళంచెవి మీ జేబులనే ఉండె గదా" అన్నాను. భయంతో కాదు, కోపంతో.

ఆయన పెట్టె తెప్పించాడు. స్పాంజి అంచు పట్టి లాగితే అది చప్పుడు చేస్తూ ఊడొచ్చింది. కిందంతా చెమ్మ, నల్లటి బూజు. వెంట వచ్చిన రాధాబాయమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇన్నొద్దులు నేను బొట్టు పెట్టింది దీనికా?" అంది.

సారు బల్ల సొరుగులోంచి ఆ కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు. "అయిపోయింది రామవ్వా. రేపటి నుంచి గోడకే ఏలాడదీద్దం. పనిల ఉండు."

"కాలె సార్. కాగితం మీ సొరుగుల ఉండె, చింపిన్రు. మాట వార్డుల ఉన్నది. దాన్ని ఎవలు చింపాలె?"

"పేషెంట్ల ముంగట ఎట్ల చెప్పుమంటవు? రేపు మన దవాఖానకు ఎవలన్న వస్తరా?"

"నా పేరు చెప్పెటప్పుడు గీ ఆలోచన రాలె గదా సార్."

నేను తలుపు దగ్గర నిలబడ్డాను. చెప్పేదాకా కదలనని ఆయనకు అర్థమైనట్టుంది. చెప్పులు తొడుక్కుని లేచాడు.

మందు మార్చాక కాశయ్య మామకు జ్వరం కొంచెం దిగింది, దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. సారు మంచం పక్కకు పోయి, నేలను చూస్తూ, "కాశయ్యా, తప్పు రామవ్వది కాదు. తడి గొట్టాన్ని పెట్టెల పెట్టి తాళమేసిన. తప్పు నాది" అన్నాడు. అంతా గొణుగుడే.

"అవతలి మంచాలకు ఇనవడలె సార్" అన్నాను.

ఆయన నా వైపు కోపంగా చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. రెండోసారి వార్డంతా వినబడేలా చెప్పాడు. మిగతా ఇద్దరి ఇళ్లకు కూడా కబురు పంపుతానన్నాడు, నేను అడక్కముందే. ఆ మాటకు నా కోపం సగం దిగింది.

ఆయన వెళ్లాక పద్మమ్మత్త ఖాళీ గ్లాసు నా ముందుకు జరిపింది. "రామవ్వా, మామకు జరంత నీళ్లియ్యి బిడ్డా" అంది.

కుండ అక్కడే ఉంది, ముంచుకోమందామని నోటిదాకా వచ్చింది. అనలేదు. గ్లాసు తీసుకుని, వార్డంతా చూస్తుండగా తోమాను. కడిగి, కిటికీలో ఎండ పడేచోట బోర్లించి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ఇయ్యవేంది?" అంది అత్త.

"ఆరనియ్యి అత్తా."

కాశయ్య మామ ఎండిన పెదాలతోనే నవ్వాడు. గ్లాసు లోపలికి వేలు పెట్టి చూశాను, ఇంకా తడిగానే ఉంది. మళ్లీ బోర్లించాను. నిన్న వద్దన్న నీళ్ల కోసం ఆ మాత్రం ఆగితే ఏం పోదు.