ఇంకా పండని చందమామ

నేను ఒక గుండ్రటి చెక్క ఫ్రేమును. ఎంబ్రాయిడరీ చేసే ఆడవాళ్ళు గుడ్డ బిగించుకుంటారే, అదే. లోపల ఒక వలయం, బయట ఒక వలయం, బయటివాడి నడుముకు ఓ ఇత్తడి మర. ఇద్దరూ నేనే. మనుషులు ఒక్కరుగా ఉండి కూడా తమతో తాము నిత్యం తగువులాడుకుంటారు. నేను ఇద్దరుగా ఉండి ఏనాడూ మాట తేడా రానివ్వలేదు. మధ్యలో గుడ్డ నలిగిందంటారా, అది గుడ్డ ఖర్మ.

మా పుట్టిల్లు ఏటికొప్పాక పక్క కొండల్లో ఓ అంకుడు చెట్టు. అది ఎంత ఎత్తంటే, ఓ ఆషాఢంలో మబ్బొకటి దాని కొమ్మల్లో ఇరుక్కుని కార్తీకం దాకా ఊడి రాలేదు. ఆ నాలుగు నెలలూ ఊరివాళ్ళు బిందెలు పట్టుకుని చెట్టెక్కి నీళ్ళు తెచ్చుకున్నారు. నమ్మకపోతే మానేయండి. చెట్టు కొట్టేశారు కాబట్టి కాదని రుజువు చేయడం మీ వల్ల కాదు. బొమ్మలు చేసే ఆచారి నాతో ఆటబండి చక్రం చేద్దామనుకుని, కబుర్లలో పడి కొలత మరిచి, ఇంత చేసేశాడు. పారెయ్యడానికి మనసొప్పక రెండు వలయాలుగా కోసి, మర బిగించి, లక్కతో ఓ ఎర్రగీత దిద్దాడు. నా అందమంతా ఆ గీతలోనే ఉంది.

నన్ను కొన్నది తుని ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పే రూతమ్మ టీచరు. ఆకు ఆకుపచ్చ, ఆకాశం నీలం, చిలక ముక్కు ఎరుపు. దీన్ని దాటితే బెత్తం. ఆవిడ క్లాసులో ఒక్కసారి కూడా దెబ్బ తినని పిల్ల మాణిక్యాంబ. బడి వదిలే రోజున టీచరు నన్నే ఆ పిల్లకు బహుమానంగా ఇచ్చింది.

అప్పటినుంచి మాణిక్యాంబతోనే నా కాపురం. ఆవిడ కుట్టిన చిలకలన్నీ ఒక్కసారి ఎగిరితే తుని మీద పట్టపగలే చీకటి పడేది. ఊళ్ళో ఏ ఇంట పెళ్ళయినా దిండు గలీబు మీద ఆవిడ చిలకలు ఉండాల్సిందే. ఆవిడ పనిలో ఓ పద్ధతి ఉంది. పాత బిస్కెట్ల డబ్బాలో అట్టముక్కలతో అరలు కట్టి, ఒక్కో దారపు లచ్చికి ఒక్కో చోటు ఇచ్చింది. కుట్టేటప్పుడు డబ్బా వైపు చూడదు. చెయ్యి పెడుతుంది, కావలసిన రంగు చేతికొస్తుంది.

ఆ పద్ధతే ఆవిడ రహస్యాన్ని కాపాడింది. ఏడాదిగా ఆవిడ కళ్ళకు లోకమంతా గంజిలో ముంచి తీసినట్టుంది. నీలానికీ ఆకుపచ్చకూ తేడా తెలియడం మానేసింది. నన్ను ముక్కు దాకా తెచ్చుకుని కుట్టేది కాబట్టి ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. చెబితే కొడుకు ప్రభాకరం ఏం చేస్తాడో ఆవిడకు బాగా తెలుసు. సూది లాక్కుని, జపమాల చేతికిచ్చి, మంచం చూపిస్తాడు. అసలే ఆ ఇంట్లో కూరలో ఉప్పెంతో చెప్పే అధికారం అప్పటికే కోడలికి పోయింది. మిగిలింది సూదొక్కటే.

అలాంటి రోజుల్లో కోడలు ఇందుమతికి నెల తప్పింది, కలలు మొదలయ్యాయి. పుట్టబోయే బిడ్డ ఉయ్యాల్లో పరిచే గుడ్డ మీద తన కల కుట్టాలని పట్టుబట్టింది. కడుపుతో ఉన్న పిల్ల అడిగింది కాదనకూడదు కదా! తనే పెన్సిలు పట్టి గుడ్డ మీద గీసింది. అత్తగారు ఆ గుడ్డను ముక్కుకానించుకుని చాలాసేపు చూసింది.

"ఏనుక్కి చేపతోకేంటే అమ్మాయ్?"

"మబ్బుల్లో ఈదుతోంది కదత్తయ్యా. తోక లేకపోతే మునిగిపోదూ?"

"తొండంతో కొబ్బరిచెట్టుని తలకిందులుగా పట్టుకుందేం?"

"గొడుగండీ అది. వాన పడుతోంది."

"మబ్బులోనే ఉంటే వానేంటే నీ మొహం! ఈ బట్టల తీగ మీద అప్పడంలా వేలాడుతున్నదేంటి?"

"చందమామ. తడిసిపోయాడని క్లిప్పులు పెట్టి ఆరేశాను."

మాణిక్యాంబ పెదవి విరిచింది కానీ, వేళ్ళు అప్పుడే గుడ్డ మీద నడవడం మొదలెట్టాయి. పనిమంతురాలి నోరు ఒకటంటే వేళ్ళు ఇంకొకటంటాయి.

"తోకకి కాజాకుట్టు, వరస మీద వరస. పొలుసుల్లా లేస్తుంది. ఏనుగు ఒంటికి గొలుసుకుట్టు, చుట్టలు చుట్టలుగా తిప్పితే చర్మం ముడతలు పడినట్టుంటుంది. కొబ్బరాకులకి లేజీడేజీ కుట్టు, పూరేకల్లా విచ్చుకుంటుంది. మబ్బుకి ముడికుట్టు, ఒక్క పోగుతో కొన్ని, మూడు పోగులతో కొన్ని, ఉడుకుతున్న పాయసంలా ఉండాలి. ఇహ రంగులు. ఏనుగు నలుపు."

"నీలం అత్తయ్యా. మబ్బు గులాబీ, కొబ్బరాకులు వంకాయ రంగు, చందమామ లేత నీలం."

"రూతమ్మగారు బతికుంటే ఈపాటికి బెత్తం వెతుక్కునేవారు," అంది ఆవిడ. అన్నది గానీ, అరలో చెయ్యి పెట్టి నీలం తీసింది.

ఏనుగు లేచింది. తోక మెరిసింది. నేను గుడ్డ మీద ఊరంతా తిరిగాను. పని మురిపెంగా సాగుతుండగా ఇందుమతి ఓ మంచిపని చేసింది. ఈ లోకంలో సగం ఉపద్రవాలు మంచిపనుల వల్లే వస్తాయి. అత్తగారు గుడికి వెళ్ళిన పూట దారాల డబ్బా దులిపి, అట్టలు మార్చి, లచ్చులన్నీ ఇంద్రధనుస్సులా వరసగా సర్దింది. ఆవిడ మెచ్చుకుంటుందని ఆ పిల్ల ఆశ.

మర్నాడు మాణిక్యాంబ చందమామకు నన్ను బిగించింది. ఎప్పటి చోటే చెయ్యి పెట్టింది. దారం ఎక్కించింది. పోగు పక్కన పోగు, చీమ దూరే సందు లేకుండా నింపింది. నేను గొంతు చించుకుని అరుద్దామనుకున్నాను. గొంతుండాల్సిన చోట నాకు ఖాళీ ఉంది.

శ్రీమంతం రోజు పొద్దున ఆఖరి పోగు ముడేసింది. ఆ హడావుడిలో నన్ను విప్పడం మరిచిపోయింది. పేరంటాళ్ళంతా చేరాక ఇందుమతికి గాజులు తొడిగారు, పాటలయ్యాయి. అప్పుడు గుడ్డ తెచ్చి పరిచారు, చందమామ చుట్టూ నేను. ఏనుగును చూసి అందరూ విరగబడి నవ్వారు. పక్కింటి తాయారమ్మకు మాత్రం కళ్ళజోడు పెట్టుకుని తప్పులు వెతకడం వ్రతం.

"బాగానే ఉంది గానీ వదినా, చందమామ ఆకుపచ్చగా ఉన్నాడేంటమ్మా? కళ్ళు గానీ మసకబారాయా ఏంటి?"

నవ్వులు ఆగాయి. ప్రభాకరం గుమ్మంలోంచి తొంగి చూశాడు. మాణిక్యాంబ చెయ్యి చందమామ మీదికి వెళ్ళి, వేళ్ళతో తడిమింది. వేళ్ళకు రంగు తెలియదు కదా.

"ఆకుపచ్చే కదండీ ఉండాల్సింది," అంది ఇందుమతి గాజులు సర్దుకుంటూ. "కాయగా ఉన్నాడు. నా కలలో అంతే. ఇంకా పండలేదు, బిడ్డొచ్చాక నెమ్మదిగా పండుతాడు. మా అత్తయ్య కాబట్టి ఉన్నదున్నట్టు కుట్టారు. మీరైతే తొందరపడి పండబెట్టేసేవారు."

ఇల్లు ఘొల్లుమంది. తాయారమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. ఆ మధ్యాహ్నమే మరో రెండిళ్ళవాళ్ళు తమకూ కాయ చందమామ కుట్టిపెట్టమన్నారు.

అందరూ వెళ్ళాక మాణిక్యాంబ నన్ను ఒళ్ళో పెట్టుకుని పెరటి అరుగు మీద కూర్చుంది. ఇందుమతి పక్కన చేరింది.

"నీ కలలో లేత నీలం అన్నావు కదే."

"మీరు కుట్టాక కల మారిపోయిందత్తయ్యా."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మొదటి వరసలోనే. డబ్బా సర్దినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. అప్పుడే అంటే మీరు సూది పక్కన పెట్టేస్తారని ఊరుకున్నాను."

"వాడితో చెప్పావా?"

"చెప్పలేదు. కడుపుతో ఉన్నదాని కోరిక కాదనకూడదు కదా, మీతోనే చెబుతున్నాను. నాకు చింతకాయలొద్దు, చీరలొద్దు. మీరు కంటి డాక్టరు దగ్గరికి రావాలి. వచ్చాక సూది మీ చేతిలోనే ఉంటుంది. ఎవరు లాక్కుంటారో నేనూ చూస్తాను."

మాణిక్యాంబ నా మరను కాస్త బిగించింది, కాస్త వదిలింది.

డాక్టరు శుక్లాలన్నాడు, తీసేశాడు. నల్లద్దాలు తీసిన నాడు ఆవిడ అడిగిన మొదటి వస్తువు ఆ గుడ్డ. చూసింది. కళ్ళు పెద్దవి చేసి మళ్ళీ చూసింది.

"ఓసినీ! ఎంత నీటుగా తప్పు కుట్టానే!"

విప్పేసి నీలం కుట్టమన్నాడు ప్రభాకరం. "కాయను కోసి రంగేస్తారట్రా ఎవరైనా?" అని కొడుకును కసిరింది.

పుట్టిన పిల్లకు హాసిని అని పేరు పెట్టారు. ప్రతి పుట్టినరోజునా మాణిక్యాంబ ఆ గుడ్డ తీసి, చందమామ చుట్టూ నన్ను బిగించి, అంచున కాసిని పసుపు పోగులు కుడుతుంది. ఇప్పుడు చందమామకు ఓ పక్క దోర రంగు తిరిగింది. నా లక్కగీత చెదిరింది, మరకు చిలుము పట్టింది. అయినా ఏడాదికోసారి నాకు కొలువుంది.

మొన్నటి పుట్టినరోజుకు హాసిని వచ్చి, మామిడిపండును చూసినట్టు చందమామను బొటనవేలితో నొక్కింది.

"ఇంకా గట్టిగానే ఉన్నాడు మామ్మా."

"ఉండనీలేమ్మా, తొందరేముంది?" అంది మాణిక్యాంబ, సూదిలోకి దారం ఒక్క విసురున ఎక్కిస్తూ.

గట్టిగా ఉండకేం? చుట్టూ బిగించి పట్టుకున్నది నేను కదా.