గుమ్మంలో వేపమండలు

ప్రమీలారాణికి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. చంటిదానికి మలేరియా పట్టి, పైకి కనపడకుండా లోపలే దాక్కుంటుందేమోనని. పిల్ల ఒక పూట పాలు సరిగా తాగకపోతే చాలు, నుదురు తడిమి తడిమి నిద్రపోయేదాన్ని లేపేస్తుంది.

ఈ వానల్లో చండ్రుగొండ చుట్టుపక్కల ఇంటింటికీ తిరిగి, వేలు పొడిచి నెత్తురు తీస్తున్నారు. మనవరాలికి సూది గుచ్చడం అత్త సీతారావమ్మకు గిట్టదు. ఆ పనిమీద తిరిగే మలేరియా రాందాస్ వస్తున్నాడని వినగానే గుమ్మానికి వేపమండలు కట్టేసింది. అమ్మవారు పోసిన ఇంట్లోకి పరాయివాళ్ళు అడుగుపెట్టరు మరి.

రాందాస్ దడి బయటే ఆగాడు. "ఎవరికి పోసింది పెద్దమ్మా?"

"చంటిదానికి. నువ్వు పోయిరా నాయనా," అంటూ ఆవిడ దొడ్లోకి వెళ్ళిపోయింది.

చంటిది గడప దగ్గర కూర్చుని, ఒంటిమీద ఒక్క పొక్కయినా లేకుండా, అతన్ని చూసి బోసినవ్వు నవ్వింది.

పిల్ల వెనకే నిలబడ్డ ప్రమీలను చూసి రాందాస్ గొంతు తగ్గించాడు. "చెల్లె, మన ఒంట్ల కణాలు గూడ గిట్లనే. లోపల ఏమున్నదో ఓ ముక్క తెచ్చి వాకిట్ల గుర్తు పెడ్తయి. కావలి కణాలు చూసుకుంట తిరుగుతయి. కొన్ని రోగాలు లోపల జొచ్చి ఆ గుర్తును గుంజి దాచిపెడ్తయి. ఎర్రకణమైతే ఎదిగేటప్పుడే గుర్తు పారేస్తది. మలేరియా పోయి అండ్లనే కూసుంటది. నెత్తురు చూడందే ఎట్ల తెలుస్తది? మండలుంటే నేను రాను మరి."

బడి ఎనిమిదితోనే ఆగినా ప్రమీలకు ఈ పాఠం ఇట్టే ఎక్కింది. మండలు లాగేసి నీళ్ళ గాబు వెనక్కి తోసింది.

"ఇప్పుడు గుర్తు లేదుగా. రా అన్నా!"

పిల్ల కేరుమన్న చప్పుడుకి అత్త పరుగెత్తుకొచ్చింది. "మండలేవే?"

"మేక తినేసింది అత్తయ్యా."

"మనకు మేకెక్కడిదే?"

"అందుకే తినేసి వెళ్ళిపోయింది."

రాందాస్ నవ్వు ఆపుకున్నాడు. "పెద్దమ్మా, నీ వేలు గూడ ఇయ్యి. భయమా ఏంది?"

"నాకా భయం?" అని వేలు చాచింది. ఆ తర్వాత ఆవిడ పెట్టిన కేకకి చంటిది ఏడుపు మానేసింది.

మళ్ళీ వచ్చినప్పుడు రాందాస్ చెప్పాడు. పిల్ల నెత్తురులో ఏమీ లేదు. ఉన్నది పెద్దమ్మ నెత్తురులో. ఎండలో కూడా దుప్పటి కప్పుకుని "వయసు చలి" అంటూ తిరిగింది ఇన్నాళ్ళూ.

మాత్రలు చేదట. మాత్ర మింగినట్టే నీళ్ళు తాగి, తర్వాత దాన్ని చిక్కుడుపాదులోకి ఉమ్మేస్తోంది. అత్తను కుట్టిన దోమ ఇక చంటిదాని దగ్గరకే వస్తుందని ప్రమీలకు కంటిమీద కునుకు లేదు. నాట్ల రోజులు, పగలంతా పొలంలోనే ఉండాలి. మీరెవరైనా అటు వెళితే దడి దగ్గర ఆగకండి. లోపలికి వెళ్ళి, సీతారావమ్మ మాత్ర మింగిందో లేదో, నాలుక కింద కూడా ఒకసారి చూసి రండి.