యాభైమూడో నంబరు

ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగి నెల దాటింది. సులైబియాలో ఒక ఉల్లిగడ్డల గోడౌనులో తలదాచుకున్న యాభై ఏడుగురు తెలుగువాళ్ళకు మాత్రం అసలు యుద్ధం లోపలే జరుగుతోంది. ఒక పక్షం కుక్కుటేశ్వరరావు. అమలాపురం మనిషి, ఆఫీసులో టైపిస్టు, ఎర్రజెండా పార్టీ. రెండో పక్షం రామసుబ్బయ్య. రాజంపేట మనిషి, ఈ గోడౌనుకే స్టోర్‌కీపరు, చేతి గుర్తుకు తప్ప ఓటేసి ఎరగడు.

తగువు ఒక్కటే. మొన్నటిదాకా ఇక్కడ ఒక ఇంగ్లీషు దొర ఉండేవాడు. రామసుబ్బయ్య చేసే పనే చేసి పది రెట్లు జీతం తీసుకునేవాడు. ఎందుకు?

“తోలు రంగండి. జీతాల కాయితం రాసేవోడు ఆళ్ళ మనిషయ్యాక ఆళ్ళకి ఎక్కువ, మనకి తక్కువ రాయక ఏం చేత్తాడు?” అంటాడు రావు.

“రంగూ ల్యా, గింగూ ల్యా. వాళ్ళు సదువుకున్న్యారు, టయానికి వస్తారు. చేతనైనోడు పైకొస్తాడు, చేతగానోడు తోలును తిడతా కూర్చుంటాడు,” అంటాడు రామసుబ్బయ్య.

ఇరాకీ సైనికులు తెల్లవాళ్ళను ఏరి పట్టుకుంటున్నారని దొర ఎక్కడో దాక్కున్నాడు. చూశారా నేను చెప్పలేదా అని ఇద్దరూ దాన్ని తమ వాదానికే వాడుకున్నారు.

చపాతీలు ఒత్తే రెడ్డెమ్మకు ఇంతకు మించిన కాలక్షేపం లేదు. రాయచోటి నుంచి వచ్చి పదకొండేళ్ళుగా ఒక కువైటీ ఇంట్లో పని చేస్తోంది. ఆ ఇంటి యజమానురాలు, ఆమె పిలుపులో ‘మామా’, పిల్లలతో సహా కారెక్కి సౌదీకి పోతూ ఆమె చేతిలో గేటు తాళం పెట్టి పోయింది. అలా మిగిలిపోయి ఈ గోడౌను చేరిన పనిమనుషులు ఆమెతో కలిపి ఏడుగురు. తగువు చల్లబడితే “అయితే రావుగారు చెప్పింది తప్పంటావా అన్నా?” అని ఆమె మెల్లగా ఆజ్యం పోసేది. ఇక పొద్దు గూకేదాకా ఢోకా ఉండేది కాదు.

అంతలో కబురొచ్చింది. రేపు పొద్దున బస్సు. బస్రా, బాగ్దాదు మీదుగా అమ్మాన్, అక్కడి నుంచి విమానం. సీట్లు యాభై. రెండో బస్సు వస్తుందో రాదో ఎవరికీ తెలియదు.

లిస్టు రాసింది పక్షాలిద్దరూ కలిసే. రామసుబ్బయ్య నిలబడి చదివాడు. ముందు రావు, తరువాత తను, వెనక ఐదుగురు గుమాస్తాలు. ఆపైన ఫోర్‌మెన్లు, హమాలీలు. హమాలీ ఆంజి యాభై. ఇక ఆడవాళ్ళు. రెడ్డెమ్మ యాభైమూడు.

ఖాళీ ఊళ్ళో, సైనికుల మధ్య, ఏడుగురు ఆడవాళ్ళు. రెడ్డెమ్మకు భయం వేసింది, ఆ వెంటే ఒళ్ళు మండింది. టీ గ్లాసులు తీసుకుని ఇద్దరి దగ్గరికీ పోయింది.

“రావుగారూ, రాసేటోడు తనోళ్ళకే ఎక్కువ రాసుకుంటాడంటిరి. ఈ లిస్టు రాసిందెవురు?”

రావు టీ గ్లాసు అందుకున్నాడు. “అది వేరండి. దారిలో కాయితాలూ అవీ చూసుకోవాలి కదండీ. చదువునీ, సమర్థతనీ బట్టి వేశాం.”

“అన్నా, చేతనైనోడు పైకొస్తాడంటివి. ఇన్నాళ్ళు మీకు కూడొండి పెట్టినాం, చాలదా?”

“మన చేతిలో ఏముండాది రెడ్డెమ్మా,” అన్నాడు రామసుబ్బయ్య నేల చూస్తూ. “ఏర్పాటే అట్లాంటిది. యాడైనా అంతే.”

నెల రోజుల్లో ఇద్దరూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదలు. అది తనను బస్సెక్కించకపోవడం మీద. ఒకడి వాదం రెండోవాడి నోట పలికినందుకు ఇంకోరోజైతే ఆమె పడీపడీ నవ్వేది.

పొద్దున బస్సుతో పాటు తుపాకీ పట్టుకుని ఒక ఇరాకీ సైనికుడు దిగాడు. దిగీదిగగానే అరబ్బీలో ఏకధాటిగా మొదలుపెట్టాడు. రావు ఇంగ్లీషు తీశాడు. రామసుబ్బయ్య హిందీ తీశాడు. సైనికుడు రెంటినీ లెక్క చేయలేదు. ఊరు దాటించే లిస్టును ఇంగ్లీషు వచ్చినవాళ్ళతో మొదలుపెట్టారు గానీ, అరబ్బీ అంతా వంటిళ్ళలో ఉందని ఆ మేధావులకు తోచలేదు.

“ఏమంటున్నాడు రెడ్డెమ్మా?” అన్నాడు రామసుబ్బయ్య.

సైనికుడు అంటున్నది బూటు కరుస్తోందని, ఎండ మండిపోతోందని, తినడానికి ఏమైనా ఉందా అని. రెడ్డెమ్మ రెండు చపాతీలు చుట్టి అతని చేతిలో పెట్టింది. అతను బస్సు వైపు చెయ్యి ఊపి, యల్లా, ఎక్కండి అన్నాడు.

“ఆడోళ్ళు ముందెక్కాలంట,” అంది రెడ్డెమ్మ. “లేకుంటే బస్సు కదలదంట.”

మిగతా ఆరుగురూ నవ్వు బయటపడకుండా కొంగులు నోట్లో కుక్కుకుని గబగబా ఎక్కారు. తుపాకీ ఉన్నవాడి మాటకు కారణం అడిగే అలవాటు అక్కడ ఎవరికీ లేదు.

ఆమె కూడా మెట్టు మీద కాలు పెట్టింది. అప్పుడు కనబడ్డాడు ఆంజి. వరసలో చివర, సంచి నెత్తిన పెట్టుకుని, తన సీటు పోయిందని అర్థమై ఊరికే నిలబడి ఉన్నాడు. అతని ముందు, అలాగే సీటు పోయిన ఇంకో ఆరుగురు హమాలీలు. పైనుంచి నెడితే పడేది అడుగున ఉన్నవాడేనని ఆమెకు తెలియనిది కాదు. తన సీటు అలా దొరకడం ఆమెకు రుచించలేదు.

కాలు దించి సైనికుణ్ణి అడిగింది, వారానికి ఎన్ని రోజులు నాయనా ఈ కాపలా అని. అతను చపాతీ పళ్ళ మధ్య పెట్టుకుని, విసుగ్గా ఏడు వేళ్ళు ఎత్తి అందరికీ కనబడేలా ఆడించాడు.

“ఏడుగురు ఆగాలంట,” అంది రెడ్డెమ్మ. “ఇంగిలీషొచ్చినోళ్ళంట. కాయితాలేవో రాసేది ఉండాదంట. లిస్టులో మొదటి ఏడుగురూ.”

హమాలీలు ఎక్కారు. ఆంజి ఎక్కాడు. రావూ, రామసుబ్బయ్యా, ఐదుగురు గుమాస్తాలూ పెట్టెలతో కిందే నిలబడ్డారు. ఆ ఏడుగురి కోసం బస్సు మళ్ళీ నాలుగో రోజు వచ్చింది. కానీ ఆ పొద్దు అది ఎవరికీ తెలియదు.

బస్సు కదులుతుంటే రావు కిటికీ పట్టుకుని వెంట పరిగెత్తాడు. “అది కాదండీ రెడ్డెమ్మగారూ, మేమే ఎందుకాగాలి? కారణం చెప్పాలి కదండీ.”

“కారణాలు నాకేం తెలుసు రావుగారూ,” అంది రెడ్డెమ్మ కిటికీలోంచి. “మీరూ అన్నా కూర్చోని తేల్చుకోండి. కావాల్సినంత టయముండాది.”