చెంగయ్యను పొడిచిన ఎద్దు

పులికాట్ ఒడ్డున పడవలు బాగుచేసే షెడ్డులో ఆ ఏడాది ఒక్క కూలీకి కూడా దెబ్బ తగలలేదని ఓనరు గేటు మీద బోర్డు రాయించాడు. అబద్ధానికి రంగు వేస్తే ఎంత ముచ్చటగా ఉంటుందో అది చూస్తే తెలుస్తుంది. దెబ్బలన్నీ సత్యవేడు దగ్గర, ఆ కూలీలుండే చిన్న పల్లెలోనే తగిలాయట. అక్కడి మగవాళ్ళు సోమవారం పొద్దున లారీ ఎక్కి షెడ్డుకు పోతారు. పడవల్ని ఒడ్డుకు లాగి, కుళ్ళిన చెక్కలు పీకి, కొత్తవి కోసి బిగించి, సందుల్లో తారు పోసి శనివారానికి ఇల్లు చేరతారు. పడవ ఒరిగి మీద పడి కాలు విరిగిన సుబ్బన్న మాత్రం ఆసుపత్రి లెక్కలో తాటిచెట్టు మీంచి పడ్డాడు. మరిగే తారు చింది కన్ను పోయిన తిరుమలయ్యకు కంట్లో జిల్లేడు పాలు పడ్డాయి. అట్లా చెప్పమన్నది మేస్త్రీ ధనంజయ. చెప్పకపోతే ఆ ఇంట్లో ఎవరికీ లారీలో చోటు ఉండదు.

మునెమ్మ ఇవన్నీ విని ఊరుకున్న మనిషే. తన దాకా వస్తే గానీ తెలియదంటారు, ఆమెకూ వచ్చింది. చక్రం రంపం ఆమె మొగుడు చెంగయ్య కుడిచేతి వేళ్ళను కోసుకుపోయింది, బొటనవేలు ఒక్కటే మిగిలింది. ధనంజయ అతణ్ణి ఆసుపత్రిలో పడేసి, ఎద్దు పొడిచిందని రాయించాడు. చెంగయ్య తమ్ముడు ఇంకా షెడ్డులోనే ఉన్నాడు కాబట్టి చెంగయ్య కూడా అవునని తల ఊపాడు. పనిలో తెగిందంటే ఓనరు పరిహారం ఇచ్చి తీరాలి. ఎద్దు పొడిచిందంటే ఎవరిస్తారు, ఎద్దా?

డాక్టరు మాత్రం కొమ్ము ఇంత నున్నగా కొయ్యదని లేబరు ఆఫీసుకు రాశాడు. ఇన్స్‌పెక్టరు స్వయంగా వచ్చి ఆ ఎద్దును చూస్తాడని కబురు వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది ధనంజయకు, చెంగయ్యకు ఎద్దు లేదని. చెంగయ్యకే కాదు, ఆ వీధి మొత్తంలో ఒక దూడ కూడా లేదు. సెంటు భూమి లేనివాళ్ళకు ఎద్దెందుకు?

ధనంజయ పైవీధిలో రైతు సుబ్రమణ్యం దగ్గరికి పరుగెత్తాడు. ఒక్క పూటకు ఎద్దునిమ్మని బతిమాలాడు.

"మనిషిని పొడిచిన ఎద్దని పేరొస్తే రేపు సంతలో దాన్ని ఎవురు కొంటారప్పా? పోయి ఇంగో ఇల్లు సూడు" అన్నాడు సుబ్రమణ్యం.

ఊళ్ళో ఏ రైతూ ఇవ్వలేదు. ఎద్దుకు పరువుంది, దాన్ని కాపాడేందుకు దిక్కుంది. మనిషి చెయ్యి పోతే అడిగే దిక్కు లేదు. ఈ మాట మునెమ్మ ఆ రోజంతా కనిపించిన వాళ్ళందరి దగ్గరా అన్నది. అందరూ నిజమేనన్నారు, అని ఇళ్ళలోకి పోయారు.

తెల్లవారి చూస్తే ఆమె గుడిసె గుంజకు ఒక బలిసిన ఎద్దు కట్టేసి ఉంది.

"ఒక్క పూట ఓర్చుకో అక్కా. అయ్యోరు సూసి పోతానే తోలకపోతా" అన్నాడు ధనంజయ.

మునెమ్మ అతని వైపు వీపు తిప్పింది. అరుగు మీద గోడవైపు తిరిగి కూర్చున్న మొగుడితో అంది, "రంపం నీ యేళ్ళే కోసిందనుకున్నా. నాలిక గూడా కోసిందా?"

చెంగయ్య కట్టు కట్టిన చేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు.

జీపు వచ్చింది. వీధి వీధంతా పోగయింది. ఇన్స్‌పెక్టరు దిగి ఎద్దును ఎగాదిగా చూశాడు.

"ఇదేనా పొడిచింది?"

ఎద్దు అవునని తల ఊపింది.

ఇన్స్‌పెక్టరు బిత్తరపోయాడు. మునెమ్మ ఎద్దు దగ్గరికి పోయి చూసింది. మెడ మీద గంటల పట్టీ ఒరిసిన గుర్తు, మూపున రంగు బట్ట కట్టిన చార. ఏటి అవతల మకాం వేసిన గంగిరెద్దుల వాళ్ళ దగ్గర బాడుగకు తెచ్చాడన్నమాట, మేస్త్రీ మహానుభావుడు.

"అయ్యగారికి దండం పెట్టు" అంది మునెమ్మ.

ఎద్దు ముందరి కాలు మడిచి దండం పెట్టింది. వీధి గొల్లుమంది. ఇన్స్‌పెక్టరు కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. కట్టె పట్టుకొని నిలబడిన సుబ్బన్న, ఒంటి కన్ను తిరుమలయ్య కూడా నవ్వారు. ఆఖరికి ధనంజయ కూడా నవ్వాడు, నవ్వులో తప్పించుకోవచ్చని.

"బాగుందమ్మా. కానీ ఎద్దు పొడిచిందని చెప్పింది మీ ఆయన. కాదనాలంటే ఆయనే అనాలి" అని ఇన్స్‌పెక్టరు జీపు వైపు తిరిగాడు.

మునెమ్మకు ఒళ్ళు మండిపోయింది. మొగుడి చెయ్యి పట్టి లేపి, కట్టు విప్పి, ఆ మొండి చేతిని అందరి ముందూ పైకెత్తింది.

"దీన్ని సూసి గూడా నవ్వండి. తిరుమలన్నా, ఉండే కంటితో నవ్వినావు, పోయిన కన్ను సంగతి ఎవురు జెప్తారు? ఈ ఈదిలో ఇన్ని కాళ్ళూ చేతులూ పోయినాయే, ఒక్క ఇంట్లో ఎద్దుండాదేమో సూపించండి."

నవ్వులు ఆగిపోయాయి. చెంగయ్య పెళ్ళాం ముఖం చూశాడు, తన చెయ్యి చూసుకున్నాడు.

"రంపం సామీ" అన్నాడు. "షెడ్డులో చక్రం రంపం. చెయ్యి తగలకుండా దానికి మూత ఉండె. పని బిరీన సాగల్లని మేస్త్రీ పీకేయించినాడు."

ఇన్స్‌పెక్టరు మళ్ళీ వెనక్కి వచ్చి, అరుగు మీద కూర్చొని కాగితాలు తీశాడు.

"నేను తాటిచెట్టు ఎక్కనే లేదు సామీ" అంటూ సుబ్బన్న కట్టె ఊతంగా పట్టుకొని ముందుకొచ్చాడు. అతని వెనకే తిరుమలయ్య.

ధనంజయ ముఖం మాడిపోయింది. చెంగయ్య పక్కకు చేరి పళ్ళ సందున అన్నాడు, "సోమారం నించి నువ్వు లారీ ఎక్కబాకు మామా."

చెంగయ్య ఆ చేతిని అతని ముందు చాపాడు.

"ఏ చేత్తో పట్టుకోని ఎక్కేదప్పా?"